చెమట పట్టకుండా నడవడం: ట్రోమ్సోలో మా మొదటి ఏడాది

తిరుపతి నుంచి నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సో చేరింది 2023 ఆగస్టు 14న. సెలవులకి ఇంటికి వచ్చినప్పటి నుంచి ఎవరు కలిసినా ఇవే ప్రశ్నలు: అంత చలిలో బయట ఎట్లా తిరుగుతారు, ఏం కొనుక్కోవాలి, ఎంతవుతుంది? మా వీధిలోనే ఒక జంట అక్టోబర్‌లో అటు వెళ్తున్నారు. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పే బదులు జరిగింది జరిగినట్టు రాస్తున్నా. వీసా కథ, నార్వే పరిచయం ఇందులో లేవు. లెక్కలన్నీ అక్కడి డబ్బు క్రోనర్లలో, అప్పటి ధరల్లో. మేం వెళ్ళినప్పుడు క్రోనర్ దాదాపు 8 రూపాయలు.

ఊరు ఒక దీవి మీద ఉంది. వంతెన దాటి అవతలి ఒడ్డుకు పోతే స్తూర్‌స్టైనెన్ అనే కొండ, 421 మీటర్లు. కేబుల్ కార్ ఉంది, నడిచే వాళ్ళకి నేపాల్ నుంచి వచ్చిన షెర్పాలు పేర్చిన రాతి మెట్లున్నాయి. మొత్తం 1,203. అలిపిరి 3,550, శ్రీవారి మెట్టు 2,388 ఎక్కిన కాళ్ళు కదా, ఇదొక లెక్కా అనుకుని చేరిన వారంలోనే, ఆగస్టు 20 ఆదివారం, గబగబా ఎక్కేశాం. నేను కాటన్ కుర్తీ, జీన్స్. మా ఆయన టీషర్టు. పైకి చేరేసరికి వీపులు నీళ్ళు పోసినట్టున్నాయి. పైన గాలి. పది నిమిషాల్లో పళ్ళు టకటక కొట్టుకున్నాయి, నీళ్ళ సీసా మూత తిప్పడానికి వేళ్ళు రాలేదు. ఇది ఆగస్టులో, మంచు ఇంకా మొదలే కాలేదు.

తిరుమల కొండకి నడిచేటప్పుడు చెమట మనకి చుట్టం. గాలి తగిలితే హాయి. అక్కడ అదే చెమట ఎక్కడం ఆపిన మరుక్షణం నుంచి ఒంట్లో వేడిని లాగేస్తుంది. కాటన్ ఇంకా అన్యాయం, తడిసి ఒంటికి అతుక్కుని ఎంతకీ ఆరదు. ఉన్ని కాస్త తడిసినా పోగుల మధ్య గాలిని పట్టి ఉంచుతుంది కాబట్టి వెచ్చదనం పోదు. ఆ రోజు మా పక్క నుంచి ఎక్కిన అక్కడి వాళ్ళు కింద మెట్ల దగ్గరే ఆగి జాకెట్ విప్పి సంచిలో పెట్టారు, మాకంటే నెమ్మదిగా ఎక్కారు, పైన కూర్చునే ముందు లోపలి బనీను మార్చుకుని మందపాటి జాకెట్ తొడుక్కున్నారు. అప్పుడు వింతగా అనిపించింది. ఏడాదంతా మేం నేర్చుకున్న దాంట్లో సగం అదే. బయల్దేరేటప్పుడు కాస్త చలి వేస్తూ ఉండాలి. ఇంటి గుమ్మం దగ్గరే వెచ్చగా ఉందంటే అరగంటలో తడుస్తారు.

కాగితాలు రాక ముందు 66 రోజులు

నివాస అనుమతి కోసం పోలీసు అపాయింట్‌మెంట్ సెప్టెంబర్ 14న. మనిషికి ఇచ్చే జాతీయ నంబరు ఉత్తరం వచ్చింది అక్టోబర్ 19న. దీనికీ కొండలకీ ఏం సంబంధం అంటారా? ఆ నంబరు లేనిదే బ్యాంకు ఖాతా లేదు, బ్యాంకు ఖాతా లేనిదే అక్కడి ఫోన్ చెల్లింపు యాప్ పని చేయదు. సెకండ్ హ్యాండ్‌లో స్కీలు (మంచు మీద జారడానికి కాళ్ళకి తొడిగే పొడవాటి పలకలు), బూట్లు అమ్మే వాళ్ళలో మాకు తగిలిన వాళ్ళందరూ ఆ యాప్‌లోనే డబ్బు అడిగారు. సగం ధరకి దొరికే సామాను కళ్ళముందు పోతుంటే చూస్తూ కూర్చున్నాం. ఇండియా కార్డుతో కొత్తవి కొనొచ్చు, కానీ ధర రెట్టింపు. ఆ రెండు నెలలు ఆగమనే నా సలహా. నార్వేలో చాలా ఊళ్ళలో ఆట సామాను ఉచితంగా అప్పు ఇచ్చే కేంద్రాలున్నాయి, వాటిని బువా అంటారు. ముందు అక్కడ అడిగి చూడండి.

రెండో దెబ్బ డ్రైవింగ్ లైసెన్సు. మన లైసెన్సు అక్కడ మూడు నెలలే చెల్లుతుంది. మార్పిడికి వీలైన దేశాల్లో ఇండియా లేదు, కాబట్టి మొదటి క్లాసు నుంచి మళ్ళీ నేర్చుకోవాలి, జారే రోడ్డు మీద నడిపే శిక్షణతో సహా. మా చుట్టుపక్కల వాళ్ళకి 30,000 క్రోనర్లు దాటింది. మేం ఆ ఏడాది కారు ఆలోచన మానేశాం. బస్సు దిగి నడిచే దారులే మాకు దారులు. ఆదివారం బస్సులు బాగా తక్కువ. నడక మొదలుపెట్టే ముందు చివరి బస్సు టైం చేతి మీద రాసుకున్న రోజులున్నాయి.

సెప్టెంబర్ అంతా బురద. కొండ వాలుల మీద నీళ్ళు నిలిచి స్పాంజిలా ఉండే చిత్తడి నేలల్ని మ్యూర్ అంటారు. ఇక్కడ కొన్న ఖరీదైన ట్రెకింగ్ బూట్లు ఒక్క పూటలో నానిపోయి ఆరడానికి మూడు రోజులు పట్టింది. 400 క్రోనర్ల రబ్బరు బూట్లు వేసుకున్నాక ప్రాణం కుదుటపడింది. ఆ నెలలో కొండల నిండా బ్లూబెర్రీలు, పుల్లటి ఎర్ర లింగన్‌బెర్రీలు. ఎవరి భూమైనా సాగులో లేని చోట నడవడానికి, కాయలు కోసుకోవడానికి అందరికీ హక్కుంది, 1957 నుంచి చట్టమే ఉంది. నారింజ రంగు క్లౌడ్‌బెర్రీ సంగతి వేరు. అవి పండే చోట ఉత్తరాది జిల్లాల్లో భూమి గలవాళ్ళు కోయొద్దని చెప్పొచ్చు, అలాంటి చోట అక్కడికక్కడ తినడం వరకే. లింగన్‌బెర్రీతో ఊరగాయ పెట్టాను. చింతకాయ తొక్కుకి దూరపు బంధువు అనిపించింది.

సున్నా దగ్గర ఊగే చలి

అందరూ మైనస్ 30 ఊహించుకుంటారు. ట్రోమ్సో 69 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నా, పక్కనే పారే వెచ్చని సముద్ర ప్రవాహం వల్ల నడి శీతాకాలంలో కూడా సగటున మైనస్ 4 దగ్గరే ఉంటుంది. వినడానికి బాగుంది. అసలు తంటా అదే. మంచు పడుతుంది, మర్నాడు ప్లస్ 2కి వెళ్ళి వాన పడుతుంది, రాత్రికి గడ్డ కడుతుంది. అక్టోబర్ చివర నుంచి కాలిబాటలన్నీ అద్దాలు. మా ఆయన పడింది కొండమీద కాదు, చెత్త వేయడానికి వెళ్ళి అపార్ట్‌మెంట్ మెట్ల ముందు. మణికట్టు బెణికి మూడు వారాలు.

బూటు కింద తొడుక్కునే ఇనప ముళ్ళ పట్టీల్ని బ్రొద్దర్ అంటారు. జత 350 క్రోనర్లు. అక్టోబర్ 1కే కొని గుమ్మం పక్కన పెట్టుకోండి. నడి పాదం కింద మాత్రమే ముళ్ళుండేవి కొనొద్దు, మడమ కిందా ఉండాలి, ఎందుకంటే జారేది మడమ ఆనినప్పుడే. దుకాణంలోకి వెళ్ళేటప్పుడు విప్పాలి, టైల్స్ మీద అవే జారతాయి.

బట్టల సంగతి కాస్త ఎక్కువ రాస్తాను, డబ్బు తగలేసింది ఇక్కడే కాబట్టి. వెళ్ళే ముందు తిరుపతిలో 7,400 రూపాయలు పెట్టి ఆరు స్వెట్టర్లు కొన్నాం. ఉన్ని అన్నారు. అన్నీ అక్రిలిక్. ఐదు కిలోల లగేజి. ఒక్కటి కూడా కొండకి పనికిరాలేదు.

అక్కడ పని చేసినవి ఇవి. ఒంటికి ఆనేది పల్చటి మెరీనో ఉన్ని, పైకీ కిందకీ, మనిషికి రెండు జతలు: ఇద్దరికీ కలిపి తగ్గింపు అమ్మకంలో 3,800 క్రోనర్లు. దాని మీద ఇంకో ఉన్ని లేదా ఫ్లీస్ అనే మెత్తటి బొచ్చు గుడ్డ. పైన గాలి చొరబడని పల్చటి జాకెట్. చంకల కింద జిప్ ఉండేది వెతకండి, ఎక్కేటప్పుడు అది తీస్తే ఆవిరి పోతుంది. బాగా మందంగా ఉబ్బిన జాకెట్ నడవడానికి కాదు, సంచిలో ఉండి ఆగినప్పుడు మాత్రమే బయటికి వస్తుంది. చేతులకి ఐదు వేళ్ళ గ్లోవ్స్ చాలవు. వేళ్ళన్నీ ఒకే గదిలో ఉండే తొడుగు పైన వేస్తే ఒకదాన్నొకటి కాచుకుంటాయి, లోపల పల్చటి ఉన్ని గ్లోవ్ ఉంటే బూటు దారం కట్టేటప్పుడు చర్మం బయటపడదు.

కాళ్ళ దగ్గర అందరూ చేసే తప్పు నేనూ చేశాను. చలికి రెండు జతల సాక్సులు వేసి బూటు బిగించాను. బిగుతుకి రక్తం ఆడక ఇంకా చల్లబడ్డాయి. ఒక మందపాటి ఉన్ని సాక్సు, ఒక సైజు పెద్ద బూటు, వేళ్ళు ఆడించే చోటు. ఇంటికి రాగానే బూటు లోపలి అట్ట తీసి విడిగా ఆరబెట్టాలి. తీయకపోతే మర్నాడు ఆ తేమే లోపల మళ్ళీ చల్లబెడుతుంది.

ఎండ లేని రెండు నెలలు, స్కీలు

లెక్క ప్రకారం సూర్యుడు నవంబర్ 27 నుంచి జనవరి 15 దాకా పైకి రాడు. చుట్టూ కొండలు అడ్డం కాబట్టి ఊళ్ళోకి ఎండ నవంబర్ 21 నుంచి జనవరి 21 దాకా రాదు. కటిక చీకటి అనుకుంటే పొరపాటు, మధ్యాహ్నం రెండు మూడు గంటలు నీలంగా, మన దగ్గర సూర్యోదయానికి అరగంట ముందులా ఉంటుంది. డిసెంబర్ రెండో వారంలో నాకు నిద్ర పూర్తిగా తిరగబడింది. రాత్రి 3కి మెలకువ, మధ్యాహ్నం కళ్ళు మూత. ఎవరి మీదా కోపం లేదు కానీ ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. విటమిన్ డి కోసం అక్కడి వాళ్ళు సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా కాడ్ చేప కాలేయపు నూనె తాగుతారు. మేం శాకాహారులం కాబట్టి డాక్టర్ని అడిగి మాత్రలు వాడాం. మందు కంటే ఎక్కువ పని చేసింది ఆ రెండు గంటల నీలి వెలుతురులో రోజూ బయట ఉండటం. దానికి దారి స్కీ.

దీవి పొడవునా దీపాలు పెట్టిన స్కీ దారి ఉంది, లిస్‌లోయ్‌పా అంటారు. ఉచితం. యంత్రం వచ్చి మంచులో రెండు గాడులు తీసి పోతుంది, స్కీ ఆ గాడిలో పెట్టి నడుస్తూ జారడమే. ఆ గాడుల మీద బూట్లతో నడవొద్దు, పక్కన చదునుగా ఉన్న భాగం అంచున పోవాలి. ఇది తెలియక మొదటిరోజు ఒక పెద్దావిడతో చీవాట్లు తిన్నాం.

స్కీలు నవంబర్ 18న కొన్నాం, సెకండ్ హ్యాండ్. బూట్లు, కర్రలతో కలిపి నావి 1,600, మా ఆయనవి 2,100. స్కీ ఎత్తుని బట్టి కొనాలనుకుంటారు. బరువే ముఖ్యం. స్కీ మధ్యలో విల్లులా పైకి వంగి ఉంటుంది. రెండు కాళ్ళ మీద సమంగా నిలబడితే ఆ మధ్య భాగం నేలకి తగలకూడదు, ఒంటికాలి మీద బరువు వేస్తే తగలాలి. పరీక్ష సులువు: చదును నేల మీద స్కీల మీద నిలబడండి, ఇంకొకరు పాదం కింద కాగితం పెట్టి లాగాలి. రెండు కాళ్ళ మీద ఉన్నప్పుడు కాగితం ముందుకీ వెనక్కీ జరగాలి, ఒంటికాలి మీద ఉన్నప్పుడు ఇరుక్కోవాలి. అమ్మే ఆయన ఇంటి హాల్లో దినపత్రిక ముక్కతోనే చూశాం. మొదటి జత నా బరువుకి గట్టిగా ఉంది, కాగితం అస్సలు ఇరుక్కోలేదు. అది కొని ఉంటే ఎంత తన్నినా వెనక్కే జారేదాన్ని.

ఆ మధ్య భాగం పట్టు ఇవ్వడానికి రెండు పద్ధతులు. ఒకటి, బొచ్చు పట్టీ అతికించి వచ్చే స్కీలు. కొత్తవాళ్ళు కళ్ళు మూసుకుని ఇవే కొనాలి. రెండోది మైనం పూసేవి. చవగ్గా దొరికాయని మేం ఇవి కొన్నాం, ఆ చవకకి బాకీ తర్వాత తీర్చుకున్నాం. మంచు చలిని బట్టి మైనం మారుతుంది. మైనస్ 1 నుంచి మైనస్ 7 దాకా నీలం, ఇంకా చలైతే ఆకుపచ్చ, సున్నా దగ్గర ఊదా, ఎరుపు. చలికి గట్టిది, వెచ్చకి మెత్తనిది. మరీ గట్టిది పూస్తే పట్టు దొరకక వెనక్కి జారతారు. మరీ మెత్తనిది పూస్తే మంచు అతుక్కుని పాదం కింద ఇడ్లీలు కడుతుంది, ఒక్కడుగు పడదు. పాదం కింద, మడమ నుంచి ముందుకి రెండు జానలు, పల్చగా మూడు నాలుగు పొరలు వేసి ప్రతి పొరనీ బెండు ముక్కతో రుద్దాలి. పూసిన వెంటనే బయల్దేరొద్దు, స్కీలు పది నిమిషాలు బయట చల్లబడాలి. వెచ్చటి మైనం మీద మంచు అతుక్కుంటుంది. ట్రోమ్సోలో కష్టమేమిటంటే ఒకే సాయంత్రం మైనస్ 3, ప్లస్ 1 రెండూ చూపిస్తుంది. ఇంకోసారి కొంటే నేను బొచ్చు పట్టీవే కొంటాను.

మొదటి సాయంత్రం 500 మీటర్లకి 40 నిమిషాలు, పదకొండు సార్లు పడ్డాను. పడేటప్పుడు పక్కకి, కాస్త వెనక్కి పడాలి, ముందుకి చేతులు చాపితే మణికట్టు పోతుంది. లేవడం ఇంకా పెద్ద విద్య: రెండు స్కీల్నీ వాలుకి అడ్డంగా, కింది వైపుకి తెచ్చుకుని, మోకాళ్ళ మీదికి వచ్చి, ఒక కాలు ముందుకి వేసి లేవాలి. స్కీలు వాలు దిశలో ఉండగా లేస్తే లేచినచోటి నుంచే జారిపోతారు. దిగుడు వస్తే ఒక స్కీ గాడి లోంచి తీసి ముక్కు లోపలికి, మడమ బయటికి తోస్తే వేగం తగ్గుతుంది. నాలుగేళ్ళ పిల్లలు పక్క నుంచి దూసుకుపోతుంటే సిగ్గుపడటానికి కూడా తీరిక ఉండదు. డిసెంబర్ చివరికి 6 కిలోమీటర్లు గంటా పది నిమిషాల్లో అయ్యాయి.

ధ్రువ కాంతుల కోసం, అంటే రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగుల కోసం వచ్చేవాళ్ళు అడుగుతారు కాబట్టి ఒక్క మాట. సౌర తుఫాను అంకెల కంటే మబ్బు ముఖ్యం, మబ్బు లేని లోయ వెతుక్కోవడమే పని. కెమెరాకి స్టాండు తప్పనిసరి, 8 నుంచి 15 సెకన్లు తెరిచి ఉంచాలి. రెండో బ్యాటరీ లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. ఇంట్లోకి వచ్చే ముందు కెమెరాని బయటే ప్లాస్టిక్ కవరులో మూతి బిగించి తేవాలి. లేకపోతే లోపలి తేమంతా లెన్స్ మీద నీరు కడుతుంది.

జనవరి 21న సూర్యుడు కొండ మీద నుంచి తొంగి చూసే రోజు. బళ్ళలో, ఆఫీసుల్లో జామ్ పెట్టిన బన్నులు పంచుతారు. మాకు ఆ రోజు మబ్బు. ఎండ ముఖం చూసింది నాలుగు రోజుల తర్వాత, పట్టుమని ఆరు నిమిషాలు. ఇద్దరం బస్టాపులో నిలబడి బస్సు వదిలేసుకున్నాం.

కేబిన్‌లో ఒక రాత్రి

ఏడాదంతటిలో ఎక్కువ తయారీ దీనికే. నార్వే పర్వత యాత్రికుల సంఘం 1868 నుంచి ఉంది, దేశమంతా కొండల్లో దానికి కేబిన్లు, అంటే రాత్రి బస చేసే చిన్న ఇళ్ళున్నాయి. సభ్యత్వం తీసుకుంటే డిపాజిట్ కట్టించుకుని ఒక తాళంచెవి ఇస్తారు, కాపలా మనిషి లేని కేబిన్లలో చాలావాటికి ఆ ఒక్క తాళమే. మేం ఎంచుకున్నది తూర్పున మెయిన్‌లాండ్ వైపుది, బస్సు దిగాక 9 కిలోమీటర్లు. ఇద్దరికీ ఒక రాత్రికి 700 లోపు.

మొదట దారి. అక్కడ మనిషిని చంపేది చలి కంటే మంచు చరియ. 30 డిగ్రీల కంటే ఏటవాలుగా ఉన్న చోట జారుతుంది, కానీ జారి వచ్చి ఆగేది కింది చదునులో. అంటే మీరు చదునులో నడుస్తున్నా పైన ఏమున్నదో చూడాలి. ప్రభుత్వ మ్యాపులో ఏటవాలు ప్రాంతాలు, చరియ పారే దారులు రంగులతో ఉంటాయి, రోజువారీ ప్రమాద స్థాయి 1 నుంచి 5 దాకా ప్రకటిస్తారు. 3 అంటే మధ్యస్థం కదా అనుకుంటాం. చాలా ప్రమాదాలు జరిగేది ఆ 3లోనే, ఎందుకంటే 4, 5 ఉంటే జనం బయల్దేరరు. ఒంటికి కట్టుకునే సిగ్నల్ పరికరం, పార, పొడవాటి కడ్డీ ఈ మూడూ లేకుండా, వాడటం నేర్చుకోకుండా ఏటవాలు జోలికి పోకూడదు. పూడిపోయిన మనిషిని మొదటి 10, 15 నిమిషాల్లో తీయాల్సింది పక్కనున్న వాళ్ళే, హెలికాప్టర్ వచ్చేసరికి ఆలస్యమవుతుంది. మా దగ్గర ఆ సామాను లేదు. అందుకే మ్యాపులో రంగు తాకని దారి దొరికేదాకా వెతికాం, మూడు కేబిన్లు అలాగే వదిలేశాం.

ఫిబ్రవరి చివరి వారంలో మొదటిసారి బయల్దేరి 4 కిలోమీటర్ల దగ్గర తిరిగి వచ్చేశాం. గాలి పెరిగి దారి గుర్తు కర్రలు ఒకటి నుంచి ఒకటి కనబడలేదు. మా ఆయనకి వెనక్కి రావడం అస్సలు ఇష్టం లేదు, సగం వచ్చేశాం కదా అన్నాడు. అక్కడి పర్వత నియమాలు తొమ్మిదింటిలో ఒకటి, వెనక్కి తిరగడం సిగ్గు కాదని. కొండకి మొక్కుకుని బయల్దేరి మధ్యలో దిగిపోయే అలవాటు మనకి లేదు. దారంతా ఇద్దరం మాట్లాడుకోలేదు.

రెండోసారి మార్చి 8, శుక్రవారం. తిరుపతి నుంచి పొద్దున్నే కపిలతీర్థం రద్దీ ఫొటో వచ్చాక గుర్తొచ్చింది, ఆ రోజు మహాశివరాత్రి. ఒక్కొక్కరి సంచి 13 కిలోలు. మైనస్ 9, గాలి లేదు. సంచి బరువుతో మా వేగం గంటకి 2.5 కిలోమీటర్లు, దినమంతా అదే లెక్క పెట్టుకోవాలి. గంటకోసారి ఆగి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మన ముఖం గడ్డ కట్టేది మనకి తెలియదు, మొద్దుబారిపోతుంది కాబట్టి.

"ఏమండీ, మీ ముక్కు కొస తెల్లగా అయింది."

"నాకేం తెలీట్లేదే."

"తెలీకపోవడమే గదా దాని లక్షణం. చెయ్యి పెట్టండి."

వెచ్చటి అరచేయి ఆనించి ఉంచాలి, రుద్దకూడదు. మంచుతో రుద్దమనే పాత సలహా ఎవరైనా చెప్తే వినొద్దు. నాలుగు నిమిషాల్లో ఎర్రబడింది, మంట పుట్టింది. మంట పుడితే మంచిదే.

తిండి విషయంలో ఒక గుణపాఠం. పులిహోర తీసుకెళ్ళాను. రెండు గంటల్లో డబ్బాలో ఇటుక అయింది. పని చేసింది ఏమిటంటే ఇంట్లోనే సన్నటి రవ్వ వేయించి, పోపు, ఉప్పు, జీడిపప్పు కలిపి మనిషికి 90 గ్రాముల చొప్పున జిప్ కవర్లలో కట్టినది. ఫ్లాస్కులో మరిగే నీళ్ళు 250 మిల్లీలీటర్లు పోసి, కవరుని జాకెట్ లోపల ఎనిమిది నిమిషాలు పెట్టుకుంటే ఉప్మా. పొట్ట మీద వేడి కూడా. మా అమ్మ పంపిన ఊరిబిండి పొడిగా ఉంది కాబట్టి గడ్డ కట్టలేదు. నిప్పట్లు ఎట్లా తీసుకెళ్ళినా నిప్పట్లే. కూర్చోవడానికి రేకులా మడిచే స్పాంజి అట్ట ఒకటి ప్రతి సంచిలో ఉండాలి, 50 క్రోనర్లు. మంచు మీద నేరుగా కూర్చుంటే ఐదు నిమిషాలకి లేవలేరు.

కేబిన్ చేరేసరికి మధ్యాహ్నం 2:40. తలుపు ముందు నడుము లోతు మంచు, బయట గోడకి పార వేలాడుతూ ఉంది, అది దానికే. లోపల కూడా మైనస్ 8. అక్కడ జరిగే పని వరస ఇది. ముందు పుస్తకంలో పేర్లు, ఎక్కడి నుంచి వచ్చాం, ఎక్కడికి వెళ్తాం రాయాలి. ఏదన్నా జరిగితే వెతికే వాళ్ళకి అదే ఆధారం. తర్వాత పొయ్యి. గొట్టంలో పొగ మూత పూర్తిగా తీసి, వేలి లావు బిర్చ్ పుల్లలు గళ్ళుగా పేర్చి, కింద కాకుండా పైన వెలిగించాలి. పై నుంచి కిందికి కాలితే గొట్టం త్వరగా వేడెక్కి పొగ గదిలోకి రాదు. మేం మన పొయ్యి అలవాటున కింద వెలిగించి గదంతా పొగ చేసుకుని తలుపు తెరిచి, వచ్చిన కాస్త వేడీ పోగొట్టుకున్నాం. నిప్పులు ఎర్రగా ఉండగా మూత వేసేయడం అంతకంటే పెద్ద తప్పు, విషవాయువు గదిలోనే ఉండిపోతుంది.

నీళ్ళకి మంచు కరిగించాలి. ఖాళీ గిన్నెలో మంచు వేసి పొయ్యి మీద పెడితే అడుగు మాడిన వాసన వస్తుంది, నిజంగానే. అడుగున ఒక గ్లాసు నీళ్ళు పోసి కొద్దికొద్దిగా వేయాలి. పొడి మంచు పది లీటర్ల బకెట్‌కి ఒక లీటరు నీళ్ళొస్తే ఎక్కువ. ఇద్దరికీ రాత్రి, పొద్దున కలిపి ఏడు లీటర్లు కావాల్సొచ్చింది. అంటే సాయంత్రమంతా అదే పని. దుప్పట్లు, గిన్నెలు, గ్యాసు, కట్టెలు కేబిన్‌లో ఉంటాయి. లోపల వేసుకునే దుప్పటి సంచి మాత్రం మనదే తేవాలి. మరుగుదొడ్డి 20 మీటర్ల దూరంలో కట్టె గది. దాని సీటు థర్మోకోల్ వలయం, గోడకి మేకుకి వేలాడుతుంది. థర్మోకోల్ కాబట్టి ఒంటికి చల్లగా తగలదు. ఇంత తెలివైన వస్తువు నార్వేలో ఇంకోటి చూడలేదు.

గది 15 డిగ్రీలకి రావడానికి మూడు గంటలు. కట్టె గంటకి రెండు పడాలి, లేకపోతే తెల్లవారుజాముకి మళ్ళీ సున్నా. వంతులేసుకుని కట్టెలు వేస్తూ మెలకువగా ఉన్నాం. ఇంట్లో ఎన్నేళ్ళుగా చేసినా రెండు గంటలకే కునుకు పట్టే నేను, ఆ ఏడు జాగరణ పూర్తిగా చేశాను, కట్టెల పుణ్యాన.

మర్నాడు వదిలే ముందు ఊడవాలి, గిన్నెలు తోమాలి, బూడిద ఇనప బకెట్లోకి, కట్టెలు చీల్చి తర్వాత వచ్చేవాళ్ళకి పొయ్యి పక్కన పెట్టాలి, చెత్తంతా మనతోనే. గంటన్నర పట్టింది. ఇది లెక్కలో వేసుకోక బస్సు తప్పింది, తర్వాతది రెండు గంటలకి.

రాత్రి లేని వేసవి

మే 20 నుంచి జూలై 22 దాకా సూర్యుడు అస్తమించడు. కిటికీలకి నల్ల పరదా మొదట్లోనే కొనండి. మేం అల్యూమినియం ఫాయిల్ అతికించి, తీసేటప్పుడు రంగు ఊడి ఇంటి ఓనర్‌కి 900 కట్టాం. కొండల్లో జూన్ అంతా మంచుంటుంది, పైకి గట్టిగా కనబడి కింద వాగు పారుతుంటుంది. నీళ్ళ చప్పుడు వినబడితే పక్కకి పోవాలి. గుడారం సాగులో లేని చోట ఎక్కడైనా వేసుకోవచ్చు, ఇళ్ళకి 150 మీటర్ల దూరం, ఒకే చోట రెండు రాత్రులు. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా అడవిలో, అడవి పక్కన మంట వేయకూడదు, చిన్న గ్యాసు స్టవ్వు పెట్టుకోండి. దోమలు జూలైలో మన స్వర్ణముఖి ఒడ్డు దోమల్ని మరపించాయి.

ఇప్పుడు సెలవుల్లో రోజూ పొద్దున శ్రీవారి మెట్టు ఎక్కుతున్నాం. మా ఆయన మొదటి రోజు కింద ఆగి, చొక్కా పై గుండీలు తీసి, నెమ్మదిగా ఎక్కుదాం, చెమట పడుతుంది అన్నాడు. వెనక వచ్చే ముసలాయన ఒకాయన మమ్మల్ని దాటి వెళ్ళిపోయాడు.

ఈసారి పెట్టెలో స్వెట్టర్లు లేవు. రవ్వ నాలుగు కిలోలు, ఊరిబిండి ఒక కిలో, ఇంగువ, నిప్పట్లు. మా అత్త మాత్రం "అంత చలికి ఆ పల్చటి గుడ్డలు యాడ ఆనతాయమ్మా" అంటూ నేను చూడనప్పుడు మంకీ క్యాప్ ఒకటి అడుగున పెట్టేసింది. వేసి చూశాను. హెడ్‌ల్యాంప్ పట్టీ దాని మీద జారుతుంది.